గూటిలో గొంతు

ఆ ఆదివారానికి లైబ్రేరియను పెద్ద పనులేవీ పెట్టుకోలేదు. లేవగానే పెరట్లోకి వెళ్ళి కోళ్ళ గూడు తలుపు తీయాలి. గుడ్లు ఏరుకొచ్చి రెండు ఉడకబెట్టుకోవాలి. కాఫీ గ్లాసుతో మెట్ల మీద కూర్చుని పేపరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదవాలి. వారమంతా ఊళ్ళోవాళ్ళు పేపరు చదువుతుంటే చూస్తూ కూర్చునే మనిషికి అంతకన్నా సుఖం ఇంకోటి లేదు.

తీరా వెళ్ళేసరికి గూడు తలుపు తెరిచే ఉంది. గడియ ఊడి వేలాడుతోంది. నేలంతా తెల్లటి ఈకలు. ఆరు కోళ్ళలో నాలుగు మాత్రం ఒక మూలకు నక్కి, గొంతులు పోయినట్టు కూర్చున్నాయి. అప్పటికే వచ్చిన ఇల్లాలు గూటి ముందు వంగి ఉంది. ఈకలు ఒక్కొక్కటే ఏరి చీర చెంగులో వేసుకుంటోంది.

ఆవిడ ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని వీధిలో వాళ్ళకు బట్టలు కుడుతుంది. పెరట్లో కోళ్ళు పెంచుకోవాలని పెళ్ళయిన కొత్తలోనే అడిగింది. ఇంటికి పెరడు కుదిరేసరికి పదిహేడేళ్ళు పట్టింది. కోళ్ళు వచ్చి మూడు నెలలే అయింది. ఆ రోజు ఆవిడ మధ్యాహ్నం భోజనానికి కూర్చుని రెండు ముద్దలు తిని లేచిపోయింది. లైబ్రేరియను పేపరు మడతైనా విప్పలేదు.

సాయంత్రం చీకటి పడే వేళకు దొంగ ఎవరో తెలిసిపోయిందనుకున్నాడు ఆయన. గూడు పైకప్పు మీద ఒక గుడ్లగూబ వచ్చి వాలింది. సొంత ఇంటికి వచ్చినట్టు సర్దుకుని కూర్చుని, ఆయన వంక తేరిపార చూసింది. ఆయన చేతులు ఊపాడు. అది తల ఒక పక్కకు వాల్చి ఇంకాస్త శ్రద్ధగా చూసింది.

మర్నాడు లైబ్రరీకి వెళ్తూ పశువుల డాక్టరు దగ్గర ఆగాడు. డాక్టరు నాలుగు జాగ్రత్తలు చెప్పాడు. పొద్దుగూకక ముందే కోళ్ళను లోపల వేసి గడియ పెట్టాలి. పలుచటి వల తీసేసి, వేలు కూడా దూరనంత సన్న కన్నుల గట్టి ఇనుప జాలీ పైనా పక్కలా బిగించాలి. కింద నుంచి ఏదీ తవ్వుకుని రాకుండా అదే జాలీని మట్టిలోకి అడుగు లోతు దింపాలి. ఇవన్నీ అయ్యేదాకా రాత్రిపూట మనిషి గొంతు వినిపిస్తూ ఉంటే అడవి జంతువు ఏదైనా కాస్త జంకుతుంది. అదీ కొన్నాళ్ళే, తర్వాత అలవాటు పడిపోతుంది. గుడ్లగూబను మాత్రం కొట్టకూడదని, దాని మానాన దాన్ని పోనివ్వాలని కూడా చెప్పాడు.

మొదటి పని ఇల్లాలు ఆ సాయంత్రమే చేసింది. గడియను తిరిగి బిగించి, పైన తీగ చుట్టింది. రెండో పనికీ మూడో పనికీ సుత్తి పట్టుకోవడం తెలియాలి. లైబ్రేరియను ఇంతకుముందు సుత్తి పట్టుకున్నది ఒక్కసారే. ఆ బొటనవేలి గోరు ఇప్పటికీ వంకరగానే పెరుగుతుంది. అందుకని ఆయన నాలుగో జాగ్రత్త ఒక్కటే బాగా నచ్చిందన్నాడు.

అయితే ఆ మనిషి గొంతు ఎవరిదన్నది చిక్కు ప్రశ్న. లైబ్రేరియను నోట్లో నాలుక లేని మనిషి. ఇరవై రెండేళ్ళుగా "నిశ్శబ్దం పాటించండి" అన్న బోర్డు కింద కూర్చుని కూర్చుని ఆయన గొంతు ఆ బోర్డుకు తగ్గట్టే తయారైంది. వీధిలో కూరగాయల బండి దాటిపోతే పిలిచి ఆపలేక, చివరి ఇంటి దాకా దాని వెనకాలే నడిచి వెళ్ళేవాడు. వీధివాళ్ళు ఆయనను నిశ్శబ్దంగారు అనే పిలుచుకునేవాళ్ళు. ఆయన ముందు కూడా అనేవాళ్ళు. ఆయన కాదన్నా ఎవరికీ వినిపించేది కాదు.

గూటిలో రేడియో పెట్టి చూశారు. పదకొండింటికి స్టేషను మూసేశాక అది బుసకొట్టడం మొదలుపెట్టింది. తెల్లవార్లూ పాము ఉందేమోనని కోళ్ళు ఒకటే గోల. ఆ తర్వాత పాత ఫోనులో ఆయన గొంతే రికార్డు చేసి పెట్టారు. అది విని కోళ్ళు హాయిగా నిద్రపోయాయి. పైకప్పు మీది గుడ్లగూబ కూడా ఒక కన్ను మూసింది.

"కాస్త కోపంగా మాట్లాడితే బావుంటుందేమోనండీ," అంది ఇల్లాలు.

"ఎవరి మీద?" అన్నాడాయన. నిజంగానే ఆయనకు తెలియలేదు.

లైబ్రరీకి సెలవు రోజున ఆయన ఫోను పట్టుకుని పుస్తకాల గోదాంలో దూరి తలుపు వేసుకున్నాడు. కోపం తెచ్చుకోవడానికి గుడ్లగూబను తలుచుకున్నాడు, రాలేదు. ఊడిన గడియను తలుచుకున్నాడు, రాలేదు. అంతలో ఎదురుగా బల్ల మీద ఒక నవల కనిపించింది. అది కొత్తగా వచ్చినప్పుడు ఆయనే స్వయంగా అట్ట వేశాడు. ఎవరో తీసుకెళ్ళి చివరి పద్నాలుగు పేజీలూ చించుకుని తిరిగి ఇచ్చారు. దాన్ని చూస్తూ ఉంటే, ఇరవై రెండేళ్ళలో చిరిగిన పేజీలు, బొమ్మలకు పెట్టిన మీసాలు, గీసిన గీతలు, అట్టల మీద టీ గ్లాసుల గుండ్రని మరకలు అన్నీ ఒక్కసారిగా కళ్ళముందుకు వచ్చాయి.

"ఎంత ధైర్యం నీకు? నా చేతికి వచ్చినప్పుడు ఎంత చక్కగా ఉండేది, ఇప్పుడు ఎలా తయారు చేశావో చూడు. ఇన్నాళ్ళూ నోరు మూసుకుని ఉన్నానని అలుసైపోయానా? చేతకానివాణ్ణి అనుకున్నావా? నీ సంగతి ఇవాళ తేల్చేస్తాను."

అలా నాలుగు నిమిషాలు నడిచింది. గోదాం అద్దాలు అదిరాయి. మధ్యలో ఆయన ఊపిరి పీల్చుకోవడానికి ఆగినప్పుడు, అప్పుడే వచ్చిన ప్యూను లోపల ఎవరూ లేరనుకుని బయట తాళం వేసుకుని వెళ్ళబోతున్న చప్పుడైంది. "తలుపు తియ్యి. తియ్యమన్నది నీకు కాదూ? తియ్యి ముందు," అని అప్పుడు వచ్చిన అరుపులో నటన బొత్తిగా లేదు. తలుపు తీసిన ప్యూను ఆయన ముఖం చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. ఆయన తలుపు మళ్ళీ వేసుకుని మిగతాది పూర్తి చేశాడు.

ఆ రాత్రి నుంచి తొమ్మిదికి మొదలై తెల్లవారి అయిదు దాకా, పావుగంటకొకసారి, పెద్ద స్పీకరు పెట్టె లోంచి ఆ గొంతు గూటిలో గర్జించసాగింది. ఆలుమగలు పడుకునేది వీధివైపు గదిలో. ఫ్యాను తిరిగితే పెరటి చప్పుడు అక్కడికి అంతగా చేరదు. పెరటి గోడకు ఆనుకుని ఉన్నది మాత్రం పక్కింటివాళ్ళ పడకగది.

ఆ పక్కింట్లో ఉండేది రిటైరైన పెద్దపంతులమ్మ, ఆవిడ భర్త సర్వేయరుగారు, వాళ్ళ గండుపిల్లి. పంతులమ్మ పదిరోజులు చెల్లెలి ఇంటికి వెళ్ళి భర్తతో సహా ఆ సాయంత్రమే దిగింది. పక్కింట్లో కోళ్ళు పోయిన సంగతి ఆవిడకు తెలియదు. రాత్రి తొమ్మిదింటికి పక్క దులుపుతుంటే గోడ అవతల నుంచి మొదటి అరుపు వినిపించింది. చేతిలో దిండు అలాగే ఉండిపోయింది. అది నిశ్శబ్దంగారి గొంతేనని గుర్తుపట్టడానికి ఆవిడకు మూడు పావుగంటలు పట్టింది.

పొద్దున్నే గోడ దగ్గరికి వచ్చి పిలిచింది. ఇల్లాలు గింజల గిన్నెతో వచ్చింది.

"రాత్రి నిద్ర పట్టిందా అమ్మాయ్?" అంది పంతులమ్మ, గొంతు బాగా తగ్గించి.

"బాగానే పట్టిందండీ. మొదట్లో ఉలిక్కిపడ్డాను. అంత గొంతు ఉందని నాకూ తెలీదు. అలవాటైపోతుంది లెండి."

"అలవాటు చేసుకుంటావా?"

"తప్పదు కదండీ. ఆరు ఉండేవి. ఇప్పటికే రెండు పోయాయి. ఈ నాలుగైనా నిలిస్తే చాలు."

పంతులమ్మ చూపు ఇల్లాలి చేతి మీద పడింది. ఆ చేతికి నాలుగు బంగారు గాజులు ఉన్నాయి.

"అవెలా పోయాయి తల్లీ?"

"రాత్రికి రాత్రే పోయాయి. అప్పటి నుంచి ఈయన పడుకోబోయే ముందు నాలుగూ ఉన్నాయో లేవో లెక్కపెట్టుకుంటున్నారు."

పంతులమ్మ గబగబా లోపలికి వెళ్ళి కుర్చీలో కూలబడి, పాపం పక్కింటాయనకు పేకాట పిచ్చి పట్టుకుందని, పెళ్ళాం చేతి గాజులు ఒలుచుకుంటున్నాడని, ఇవ్వనంటే గదిలో వేసి కేకలేస్తున్నాడని సర్వేయరుగారికి చెప్పింది. సర్వేయరుగారు భార్య మాటకు ఎదురు చెప్పి ఎన్నేళ్ళయిందో ఆయనకే జ్ఞాపకం లేదు. చొక్కా తొడుక్కుని, రోజూలాగే పేపరు చదువుకోవడానికి లైబ్రరీకి వెళ్ళాడు. అక్కడ లైబ్రేరియను తప్ప, ఆయన ఆ మాట చెవిన వేయని మనిషి లేడు. పైగా గోదాంలో అరుపులు తన చెవులతో తాను విన్నానని ప్యూను సాక్ష్యం చెప్పాడు.

అంతటితో లైబ్రరీ రూపే మారిపోయింది. ఒకే పేపరును రెండేసి గంటలు ఒళ్ళో పెట్టుకుని కూర్చునే పెద్దమనుషులు పది నిమిషాలకే మడతపెట్టి తెచ్చి బల్ల మీద పెట్టసాగారు. కిటికీ దగ్గర గుసగుసలు ఆగిపోయాయి. కుర్చీలు జరిపేవాళ్ళు జరపకుండా ఎత్తి పెడుతున్నారు. అయిదేళ్ళ కిందట తీసుకెళ్ళిన పుస్తకాలను ఒకాయన గుమ్మం లోపల పెట్టి చెప్పులైనా సరిగా వేసుకోకుండా వెళ్ళిపోయాడు. చివరికి ఆ పద్నాలుగు పేజీలు కూడా ఒక కవరులో వచ్చాయి. ఇస్త్రీ చేసి ఉన్నాయి.

లైబ్రేరియనుకు ఇదంతా మహా ఆనందంగా ఉంది. ఊళ్ళో చదువరులకు ఇన్నాళ్ళకు పుస్తకం విలువ తెలిసిందని ఇంటికి వచ్చి భార్యతో చెప్పుకున్నాడు. ఇంటి దగ్గర కూడా అంతా సవ్యంగానే ఉంది. నాలుగు కోళ్ళూ నాలుగుగానే ఉన్నాయి. ఇల్లాలు మళ్ళీ కడుపునిండా తింటోంది. వీధిలో ఆడవాళ్ళు కుట్టవలసిన అవసరం లేని జాకెట్లు కూడా తెచ్చి ఇస్తున్నారు. వెళ్తూ వెళ్తూ ఆవిడ భుజం నిమిరి వెళ్తున్నారు. కోళ్ళు పోయినందుకు ఇంతమంది ఇంత బాధపడతారని ఆవిడ అనుకోలేదు.

పంతులమ్మ మాత్రం చూస్తూ ఊరుకునే రకం కాదు. ఇల్లాలికి ఒక అన్న ఉన్నాడని, వెల్డరని ఆవిడకు తెలుసు. కిటికీకి ఊచలు పెట్టించుకోవాలనే వంకతో అతని నంబరు తీసుకుంది. రాత్రి తొమ్మిదింటికి ఫోను చేసి, వివరాలేమీ చెప్పకుండా, కిటికీలోంచి చెయ్యి చాపి పట్టుకుంది.

అవతల వెల్డరు నాలుగు నిమిషాలూ కదలకుండా విన్నాడు. తండ్రి పోయాక చెల్లెల్ని ఎత్తుకుని పెంచిన మనిషి. చేతిలో కంచం పక్కన పెట్టేశాడు. గాజుల సంగతి, ఆరులో రెండు పోయిన సంగతి ఆ తర్వాత పంతులమ్మ చెప్పింది.

మర్నాటి సాయంత్రం బస్సు దిగాడు. భుజాన పనిముట్ల సంచి ఉంది. ఎందుకు తెచ్చాడో అతనికే స్పష్టంగా తెలియదు, ఏదో ఒకటి విరగ్గొట్టవలసి రావచ్చని మాత్రం అనిపించింది. మామూలుగా అతను గుమ్మంలోనే "ఏం బావా" అంటూ లైబ్రేరియను వీపు మీద ఒక్కటి చరిచేవాడు. ఆ దెబ్బకు జడిసి లైబ్రేరియను అతను వస్తున్నాడంటే గోడకు ఆనుకుని నిలబడేవాడు. ఇవాళ వెల్డరు మూడు గజాల దూరంలో ఆగి, "బాగున్నారా బావగారూ," అన్నాడు. ఫోనులో విన్న ఆ గొంతు ఈ బక్కపలుచని ఛాతీలో ఎక్కడ దాక్కుందో అని చూస్తున్నాడు. లైబ్రేరియను సంతోషంతో గోడను వదిలి ముందుకు వచ్చాడు.

వంటింట్లో వెల్డరు చెల్లెలి చెయ్యి పట్టుకుని గాజులు లెక్కపెట్టాడు. నాలుగే ఉన్నాయి. మళ్ళీ లెక్కపెట్టాడు, నాలుగే.

"నేనొచ్చాను. ఇంక నీకేం భయం లేదు," అన్నాడు.

"ఆయన ఉండగా నాకేం భయం అన్నయ్యా. రాత్రంతా ఆయనే చూసుకుంటున్నారుగా," అంది చెల్లెలు, అతని కంచంలో ఇంకో గరిటె అన్నం వేస్తూ.

భయంతో ఇలా అంటోందని అతనికి అర్థమైపోయింది. భోజనం కాగానే, కిటికీ ఊచల కొలతలు తీసుకోవాలని చెప్పి పక్కింటికి వెళ్ళాడు. అక్కడ పంతులమ్మ, సర్వేయరుగారు, అతను, ముగ్గురూ దీపం ఆర్పేసి మంచం అంచున వరసగా కూర్చున్నారు. సర్వేయరుగారి ఒళ్ళో టార్చి ఉంది.

తొమ్మిది కొట్టింది. "ఎంత ధైర్యం నీకు?" అంటూ మొదలైంది. వెల్డరు ఒక్క ఉదుటున గోడ దూకాడు. పంతులమ్మ స్టూలు వేసుకుని గోడ ఎక్కింది. ఆవిడ దిగడానికి సర్వేయరుగారు ఇవతల నుంచి సాయం పట్టి, ఆ తర్వాత వీధిలోంచి చుట్టూ తిరిగి వచ్చాడు.

పెరడంతా చీకటి. అరుపు ఇంట్లోంచి కాదు, కోళ్ళ గూటిలోంచి వస్తోంది. ఆడమనిషిని తీసుకెళ్ళి కోళ్ళ గూటిలో పెట్టి అరుస్తున్నాడని తెలిసి వెల్డరుకు ఒళ్ళు మండిపోయింది. సరిగ్గా అప్పుడే లోపలి గొంతు "తలుపు తియ్యి. తియ్యమన్నది నీకు కాదూ?" అని గద్దించింది. వెల్డరు ఒక్క లాగు లాగేసరికి తీగతో సహా గడియ ఊడి చేతికి వచ్చింది.

నాలుగు కోళ్ళూ అతని కాళ్ళ మధ్య నుంచి బయటపడ్డాయి. ఒకటి పంతులమ్మ మీదుగా ఎగిరింది. వెల్డరు గూటిలో తల పెట్టి చెల్లెల్ని పిలిచాడు. లోపల స్పీకరు పెట్టె తప్ప ఎవరూ లేరు. ఆ పెట్టె అతని ముఖంలో ముఖం పెట్టి నీ సంగతి ఇవాళ తేల్చేస్తానంది.

ఈ గలాటాకు లేచి లైబ్రేరియను లుంగీ సర్దుకుంటూ పెరటి గుమ్మంలోకి వచ్చాడు. గూటిలో ఆయన గొంతు ఆకాశం అంటుతోంది. గుమ్మంలో ఆయన పెదవులు కదులుతున్నాయి గాని ఏమంటున్నాడో ఎవరికీ తెలియలేదు. వెల్డరు ఒకసారి ఈయనను, ఒకసారి గూటిని చూసి, నేల మీద కూర్చుండిపోయాడు. భర్త వెనకే వచ్చిన ఇల్లాలు నేరుగా గూటి దగ్గరికి వెళ్ళి ఫోను నొక్కింది. అరుపు ఆగింది. అప్పుడు వినిపించింది లైబ్రేరియను మాట.

"కాస్త నెమ్మదిగా. కోళ్ళు బెదురుతాయి."

"నీ గాజులు ఏవే చెల్లీ?" అన్నాడు వెల్డరు కూర్చున్నచోటి నుంచే. "ఆరు ఉండాలి కదా."

"ఆరెక్కడివి? పెళ్ళికి నువ్వు చేయించినవి నాలుగేగా, మర్చిపోయావా? పోయినవి కోళ్ళు."

వెల్డరు పంతులమ్మ వైపు తిరిగాడు. పంతులమ్మ సర్వేయరుగారి వైపు తిరిగింది. సర్వేయరుగారికి తిరగడానికి ఇంకెవరూ లేక టార్చి అటూ ఇటూ తిప్పాడు. ఆ వెలుగులో గోడ మీద నుంచి ఏదో లావుపాటిది దూకడం అందరూ చూశారు. మరుక్షణం చుక్కల కోడి కెవ్వుమంది. మూడు ఇళ్ళకు సరిపడా బలిసిన పంతులమ్మగారి గండుపిల్లి, మెడ పట్టిన కోడితో సహా టార్చి వెలుగులోకి నడిచి వచ్చింది. యజమానురాలిని గుర్తుపట్టి, కోడిని ఆవిడ పాదాల దగ్గర పెట్టి, మెచ్చుకోమన్నట్టు నిలబడింది.

కోడికి ప్రాణానికేం కాలేదు. లేచి, ఈకలు దులుపుకుని, పంతులమ్మను ఎగాదిగా చూసి గూటివైపు నడిచింది. ఇల్లాలు మిగతా మూడింటినీ చీకట్లో తడుముతూ పట్టి లోపల వేసింది. పంతులమ్మవాళ్ళు ఊళ్ళో లేని పదిరోజులూ పిల్లి తిండికి ఏం ఏర్పాటు చేశారని ఆవిడ మామూలుగానే అడిగింది. పొరుగువీధి ఆవిడను పాలు పొయ్యమన్నామని, ఆవిడ మర్చిపోయిందని నిన్ననే తెలిసిందని పంతులమ్మ నేల చూస్తూ చెప్పింది. పుట్టినప్పటి నుంచి మనుషుల అరుపుల మధ్యే పెరిగిన పిల్లికి గూటిలో ఇంకో మనిషి అరిస్తే లెక్కేముంటుంది? ఇన్నాళ్ళూ కోళ్ళను కాపాడింది గొంతు కాదు, ఇల్లాలు చుట్టిన తీగ. అది కాస్తా ఇప్పుడు వెల్డరు చేతిలో ఉంది. గుడ్లగూబ ఇంత జరిగినా పైకప్పు మీద నుంచి కదల్లేదు. చిందిన గింజల కోసం వచ్చిన ఒక ఎలుకను చడీ చప్పుడూ లేకుండా ఎత్తుకుని, తన పని తాను చూసుకుంది.

ఆ రాత్రి గూడు తలుపుకు అడ్డంగా కుర్చీ వేసుకుని వెల్డరే కాపలా కూర్చున్నాడు. తెల్లవారగానే పనిముట్ల సంచి విప్పాడు. సాయంత్రానికల్లా ఇనుప చట్రం, పైనా పక్కలా సన్న కన్నుల జాలీ, అడుగు లోతున పాతిన అంచు, రెండు గడియలతో గూడు తయారైంది. మధ్యమధ్య లైబ్రేరియను మేకులు అందించాడు. ఆయన చేతికి సుత్తి మాత్రం ఎవరూ ఇవ్వలేదు. పోయేముందు వెల్డరు బావగారి వీపు మీద తన మామూలు దెబ్బ ఒకటి వేశాడు. లైబ్రేరియను దగ్గుకుంటూనే నవ్వాడు.

వారం తిరిగేసరికి లైబ్రరీలో మళ్ళీ గుసగుసలు మొదలయ్యాయి, కుర్చీలు కిర్రుమన్నాయి. లైబ్రేరియను కొంచెం చిన్నబుచ్చుకున్నాడు గాని, పద్నాలుగు పేజీలూ నవలలో అతికించుకున్నాక మనసు కుదుటపడింది. ఇంట్లో గుడ్లు మళ్ళీ రోజుకు మూడు వస్తున్నాయి. పంతులమ్మ రెండు కోడిపెట్టలను కొని తెచ్చి ఇచ్చింది. పిల్లిని రాత్రిపూట గడప దాటనివ్వనని మాట కూడా ఇచ్చింది. ఇచ్చిన మాట ప్రకారం రోజూ రాత్రి తొమ్మిది నుంచి ఆవిడ గొంతు వీధి చివరి దాకా వినిపించేది: "ఎక్కడికి బయల్దేరావు? మళ్ళీ ఆ పక్కింటి గోడ వంక చూశావంటే కాళ్ళు విరగ్గొడతాను. నోరు మూసుకుని వచ్చి మంచం కింద పడుకో."

ఎదురింట్లోకి కొత్తగా అద్దెకు వచ్చిన ఆలుమగలు నాలుగు రోజులు విని, మనసు ఆగక, ఒకనాటి పొద్దున సర్వేయరుగారిని లోపలికి పిలిచి కూర్చోబెట్టారు. వేడి కాఫీ ఇచ్చి, మంచం కింద చలిగా ఉండదా అని మెల్లగా అడిగారు.

సర్వేయరుగారు కాసేపు ఆలోచించి, కాఫీలో ఇంకో చెంచా చక్కెర వెయ్యమన్నాడు.